నమ్మడం వేరు, తెలియడం వేరు

1868 ఆగస్టు 18న గుంటూరు మీద సూర్యుడు పూర్తిగా మరుగుపడ్డాడు. ఆ సంపూర్ణ గ్రహణం నీడ పడమటి నుంచి దక్కను మీదుగా సాగి, గుంటూరు, మచిలీపట్నం దాటి, బంగాళాఖాతం మీదుగా సయాం దేశం దాకా వెళ్లింది. దాన్ని చూడటానికి ఫ్రాన్సు నుంచి ఖగోళవేత్త జూల్ జాన్సెన్ వచ్చి గుంటూరులో దిగారు. బ్రిటిష్ వారి తరఫున మేజర్ టెనెంట్ కూడా గుంటూరులోనే పరికరాలు అమర్చుకున్నారు. మద్రాసు వేధశాలను నడిపే నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో సిద్ధంగా ఉన్నారు. సూర్యబింబం మూసుకుపోగానే దాని అంచున ఎర్రని జ్వాలలు కనిపించాయి. ఆ జ్వాలల వెలుగును వర్ణపటదర్శినితో విడదీసి చూసినవారికి మెరిసే గీతలు కొన్ని కనిపించాయి. వాటిలో ఒకటి పసుపుపచ్చని గీత. ఆ గీత ఏమిటో తేలడానికి 27 ఏళ్లు పట్టింది. ఆ 27 ఏళ్లలో జరిగినదాన్ని ఆధారం చేసుకుని ఒక పాత ప్రశ్నను ఇవాళ మీతో కలిసి విచారించాలనుకుంటున్నాను. నమ్మడానికీ తెలియడానికీ తేడా ఏమిటి?

ఈ ప్రశ్నకు మామూలుగా రెండు జవాబులు వినిపిస్తాయి. మొదటిది బలాన్ని బట్టి చెప్పేది. మనసులో కాస్త ఊగిసలాట ఉంటే అది నమ్మకం, ఏ సందేహమూ లేకుండా నిలబడితే అది జ్ఞానం అని. ఈ జవాబు నిలవదు. భూమి కదలకుండా ఉందని కొన్ని వేల ఏళ్లపాటు కోట్లమంది ఏ సందేహమూ లేకుండా అనుకున్నారు. వారి మనసుల్లోని నిబ్బరం భూమిని ఆపలేదు. రెండో జవాబు ఆధారాన్ని బట్టి చెప్పేది. ఆధారం లేకుండా ఒప్పుకుంటే నమ్మకం, ఆధారం చూసి ఒప్పుకుంటే జ్ఞానం అని. ఇందులో సగం నిజం ఉంది, అందుకే దీన్ని తేలిగ్గా తోసెయ్యలేం. కానీ మంచి ఆధారంతో, నిజాయితీగా, తెలివైనవాళ్లు ఒప్పుకున్నవి కూడా తప్పని తేలిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. కాబట్టి ఇంకేదో కావాలి. నేను చెప్పదలచినది ఇదీ: ఒక విషయం నాకు తెలుసు అనాలంటే అది నిజమై ఉండాలి, నా దగ్గర ఆధారం ఉండాలి, అంతటితో సరిపోదు. నేను పొరబడి ఉన్నట్లయితే ఆ పొరపాటును బయటపెట్టగలిగిన దారిలోనే నేను అక్కడికి చేరి ఉండాలి. ఆ దారి లేనంత కాలం, నేను అనుకున్నది నిజమే అయినా సరే, నా దగ్గర ఉన్నది నమ్మకమే.

ఇప్పుడు ఆ పసుపు గీత సంగతి చూద్దాం. 1859, 1860 సంవత్సరాల్లో జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ అనే ఇద్దరు ఒక గొప్ప విషయాన్ని స్థిరపరిచారు. ప్రతి మూలకాన్నీ మంటలో వేడిచేస్తే దానికే చెందిన కొన్ని రంగు గీతలు వస్తాయి. ఆ గీతలను బట్టి అక్కడున్నది ఏ మూలకమో చెప్పవచ్చు. ఈ పద్ధతితోనే వాళ్లు సీజియం, రుబీడియం అనే రెండు కొత్త మూలకాలను కనుగొన్నారు. 1861లో విలియం క్రూక్స్ ఒక ఆకుపచ్చ గీతను పట్టుకుని థాలియాన్ని కనుగొన్నారు. అంటే కొత్త గీత కనిపిస్తే కొత్త మూలకం ఉన్నట్టే అనే ఊహకు అప్పటికే మంచి చరిత్ర ఉంది. 1868 గ్రహణంలో కనిపించిన పసుపు గీతను సోడియం గీతగా తీసుకున్నవారు ఉన్నారు. ఎందుకంటే ఆ రెండూ చాలా దగ్గర దగ్గరగా ఉంటాయి. అదే సంవత్సరం అక్టోబరు 20న ఇంగ్లండులో ఖగోళవేత్త నార్మన్ లాకియర్ గ్రహణం లేకుండానే సూర్యుడి అంచును పరిశీలించి, ఆ గీత సోడియం గీతలకు కాస్త పక్కగా ఉందని తేల్చారు. ఇప్పటి కొలతల్లో చెబితే సోడియం గీతలు సుమారు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి, ఈ గీత 587.6 దగ్గర ఉంటుంది. లాకియర్, రసాయనవేత్త ఎడ్వర్డ్ ఫ్రాంక్లాండ్ కలిసి ఆ గీతను ప్రయోగశాలలో హైడ్రోజన్ నుంచి రప్పించడానికి ప్రయత్నించారు. రాలేదు. అప్పుడు లాకియర్, ఇది భూమి మీద మనకు తెలియని మూలకం అనే అభిప్రాయానికి వచ్చారు. సూర్యుడి గ్రీకు పేరును బట్టి దానికి హీలియం అని పేరు వచ్చింది. 1871లో విలియం థామ్సన్ ఒక శాస్త్రసభలో ఆ పేరును ప్రస్తావించారు కూడా. కానీ ఫ్రాంక్లాండ్‌కే పూర్తిగా నమ్మకం కుదరలేదు. మిగతా రసాయనవేత్తల్లో చాలామందీ ఒప్పుకోలేదు. చేతికి అందని పదార్థాన్ని, ఒక్క గీతను చూసి ఎలా ఒప్పుకుంటాం అన్నారు.

ఇదే కాలంలో ఇలాంటి ఉదంతాలే మరి రెండు వచ్చాయి. 1864లో విలియం హగ్గిన్స్ ఆకాశంలో ఒక వాయుమేఘాన్ని, అంటే నీహారికను, పరిశీలిస్తే తెలిసిన ఏ మూలకానికీ సరిపోని ఆకుపచ్చ గీతలు కనిపించాయి. కాలక్రమంలో వాటికి కారణమనుకున్న మూలకానికి నెబ్యులియం అని పేరు పెట్టారు. 1869 ఆగస్టు 7న అమెరికాలో సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు చార్లెస్ యంగ్, విలియం హార్క్‌నెస్ సూర్యుడి చుట్టూ కనిపించే తెల్లని వెలుగువలయంలో, అంటే కరోనాలో, మరొక ఆకుపచ్చ గీతను చూశారు. దానికి కరోనియం అని పేరు వచ్చింది. మూలకాల పట్టికను రూపొందించిన మెండలీవ్ అంతటివారు 20వ శతాబ్దం తొలి ఏళ్లలో కరోనియానికి తన పట్టికలో చోటు ఊహించారు. అంటే ఇవి ఎవరో అల్లిన కట్టుకథలు కావు. ఆ కాలపు అత్యుత్తమ శాస్త్రవేత్తలు, అత్యుత్తమ పరికరాలతో, జాగ్రత్తగా కొలిచి, ఒకే తర్కంతో చేరిన మూడు నిర్ణయాలు. హీలియం ఉంది, కరోనియం ఉంది, నెబ్యులియం ఉంది.

వీటిలో హీలియం నిజంగా ఉంది. కరోనియం లేదు, నెబ్యులియం లేదు. ఈ ఫలితం గురించి కాస్త ఆగి ఆలోచించాలి. మూడింటికీ ఉన్న ఆధారం ఒకే రకానిది. మూడింటిలోనూ పరిశీలన సరైనదే. ఆ గీతలు ఇవాళ చూసినా అక్కడే ఉంటాయి. నమ్మినవారి నిజాయితీలోనూ తేడా లేదు. 1880లో ఒక ఖగోళవేత్త మనసులోకి తొంగిచూడగలిగితే హీలియం మీద ఆయనకున్న నమ్మకానికీ, కరోనియం మీద ఉన్న నమ్మకానికీ మధ్య ఏ తేడా కనిపించేది కాదు. లోపలి నుంచి చూస్తే రెండూ ఒకే రంగు, ఒకే బరువు. అందుకే 1880 నాటి ఆ ఖగోళవేత్తకు హీలియం ఉందని తెలుసు అనడానికి నేను ఒప్పుకోను. ఆయన అనుకున్నది నిజం, ఆయనకు కారణమూ ఉంది. అయినా ఆయన వచ్చిన దారి ఆయనను కరోనియం దగ్గరికి కూడా అంతే ధీమాగా తీసుకువెళ్లింది. నిజాన్నీ అబద్ధాన్నీ విడదీయలేని దారిలో వచ్చి నిజాన్ని చేరినవాడు అదృష్టవంతుడు, అంతే.

ఈ సంగతిని మన దేశపు తార్కికులు చాలా ముందే గమనించారు. 8వ శతాబ్దపు బౌద్ధ పండితుడు ధర్మోత్తరుడు ఒక ఉదాహరణ చెప్పారు. మాంసం కాల్చడానికి అప్పుడే నిప్పు రాజేశారు, ఇంకా పొగ లేవలేదు. మాంసం వాసనకు పైన పురుగులు ముసురుకున్నాయి. దూరం నుంచి చూసినవాడు ఆ ముసురును పొగ అనుకుని, అక్కడ నిప్పు ఉంది అన్నాడు. నిప్పు ఉన్న మాట నిజమే. కానీ అతనికి తెలిసిందా? 12వ శతాబ్దపు శ్రీహర్షుడు, మన శ్రీనాథుడు తెలుగు చేసిన నైషధకావ్యానికి మూలకర్త, గొప్ప తార్కికుడు కూడా. ఆయన మరో ఉదాహరణ చెప్పారు. ఒకడు గుప్పిట మూసి, ఎన్ని గవ్వలున్నాయో చెప్పమన్నాడు. రెండోవాడు నోటికి వచ్చినట్టు అయిదు అన్నాడు. గుప్పిట విప్పితే అయిదే ఉన్నాయి. మాట నిజమైంది, కానీ దాన్ని జ్ఞానం అనలేం. పాశ్చాత్య దేశాల్లో ఇదే చిక్కును 1963లో ఎడ్మండ్ గెటియర్ మూడు పేజీల వ్యాసంలో లేవనెత్తితే అక్కడి తత్త్వశాస్త్రంలో పెద్ద చర్చ నడిచింది, ఇంకా నడుస్తోంది. కాలాలూ భాషలూ వేరైనా వీళ్లందరూ చూపించింది ఒకటే: నిజమైన మాట చెప్పడం ఒకటి, నిజం తెలిసి చెప్పడం మరొకటి.

మరి హీలియం విషయంలో నమ్మకం జ్ఞానంగా ఎప్పుడు మారింది? 1895లో లండన్‌లో రసాయనవేత్త విలియం రామ్సే క్లీవైట్ అనే యురేనియం ఖనిజాన్ని ఆమ్లంతో కలిపి, దాని నుంచి వచ్చే వాయువును పట్టారు. ఆయన వెతుకుతున్నది హీలియం కాదు, అంతకుముందే తాను మరొకరితో కలిసి కనుగొన్న ఆర్గాన్ అనే వాయువు. కానీ వాయువును గొట్టంలో పెట్టి విద్యుత్తు పంపితే ప్రకాశవంతమైన పసుపు గీత వచ్చింది. దాని స్థానాన్ని జాగ్రత్తగా కొలవడానికి విలియం క్రూక్స్‌కు పంపారు. కొలత సూర్యుడిలో కనిపించిన గీతతో సరిపోయింది. అదే సంవత్సరం స్వీడన్‌లోని ఉప్సలాలో క్లీవ్, లాంగ్లెట్ అనేవారు విడిగా అదే వాయువును పట్టి, దాని పరమాణు భారాన్ని కూడా కొలిచారు. ఆ తర్వాత దారులు పెరిగాయి. 1903లో రామ్సే, ఫ్రెడరిక్ సాడీ రేడియం నుంచి హీలియం పుడుతోందని చూపించారు. 1908లో హాలండులో కామర్లింగ్ ఓన్స్ దాన్ని మైనస్ 269 డిగ్రీల దగ్గర ద్రవంగా మార్చారు. రూథర్‌ఫర్డ్, ఆయన సహచరుడు రాయిడ్స్, ఆల్ఫా కణాలు విద్యుదావేశం ఉన్న హీలియం పరమాణువులేనని నిరూపించారు. ఇవాళ పెద్దాసుపత్రుల్లో ఎం.ఆర్.ఐ. యంత్రాల అయస్కాంతాలను చల్లగా ఉంచేది ఈ ద్రవ హీలియమే. ఇక్కడ గమనించవలసింది ఆధారాలు ఎన్ని వచ్చాయన్నది మాత్రమే కాదు, ఎలాంటివి వచ్చాయన్నది. హీలియం అనేది లేకపోతే ఈ దారుల్లో ప్రతి ఒక్కటీ ఎక్కడో ఒక చోట మూసుకుపోయేది. క్లీవైట్ వాయువు గీత వేరే చోట పడేది, తూకం హైడ్రోజన్‌తోనో నైట్రోజన్‌తోనో సరిపోయేది. పొరపాటుకు అన్నివైపులా అవకాశం ఇచ్చి, అయినా పొరపాటు బయటపడనప్పుడు, మనం తెలుసు అనే మాటకు అర్హులమవుతాం.

మిగతా రెండింటి గతి కూడా ఇదే సూత్రాన్ని బలపరుస్తుంది. 1913లో హెన్రీ మోస్లే మూలకాలకు క్రమసంఖ్యలు నిర్ణయించాక పట్టికలో ఖాళీలు ఎక్కడెక్కడ ఉన్నాయో స్పష్టమైంది. కరోనియానికీ నెబ్యులియానికీ సరిపోయే చోటు లేదు. 1920లో మన మేఘనాద్ సాహా, వేడినీ ఒత్తిడినీ బట్టి ఒక మూలకంలోని పరమాణువులు ఎలక్ట్రాన్లను ఎంతవరకు పోగొట్టుకుంటాయో చెప్పే సమీకరణాన్ని ఇచ్చారు. దాంతో తెలిసిన మూలకమే వింత పరిస్థితుల్లో అపరిచితంగా కనిపించడం ఎంత సహజమో అర్థమైంది. 1927లో ఐరా బోవెన్, నెబ్యులియం గీతలు రెండు ఎలక్ట్రాన్లు పోయిన ఆక్సిజన్‌వని చూపించారు. నీహారికల్లో వాయువు మన ప్రయోగశాలల శూన్యంకన్నా పలచన కాబట్టే ఆ గీతలు అక్కడ కనిపిస్తాయి. 1940 ప్రాంతంలో వాల్టర్ గ్రోట్రియన్, బెంగ్ట్ ఎడ్లెన్‌ల కృషితో కరోనియం రహస్యమూ విడింది. అది పదమూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుము. అంటే కరోనా ఉష్ణోగ్రత పది లక్షల డిగ్రీలకు పైన ఉందన్నమాట, అంతకుముందు ఎవరూ ఊహించని విషయం. కొత్త గీత అంటే కొత్త మూలకం అన్న మొదటి తర్కంలో ఒక కిటికీ తెరిచి ఉండిపోయింది: పాత మూలకమే కొత్త స్థితిలో ఉండవచ్చు కదా? ఆ కిటికీ మూసేదాకా మూడూ నమ్మకాలే.

ఇక్కడ మొదటి ఆక్షేపణ వస్తుంది. నిన్న కరోనియం ఉందన్నారు, ఇవాళ లేదంటున్నారు. రేపు హీలియం కూడా లేదంటారేమో, కాబట్టి మీ జ్ఞానం కూడా పేరు మార్చుకున్న నమ్మకమే కదా అని కొందరంటారు. ఈ మాట వినడానికి వినయంగా ఉంటుంది, కానీ లెక్క సరిగ్గా వేయదు. కరోనియాన్ని పడగొట్టింది మరొక నమ్మకం కాదు, మరింత పకడ్బందీ అయిన పరిశీలన, సిద్ధాంతం. పడిపోయింది కూడా మొత్తం కాదు. గీత నిలిచింది, దాని స్థానం నిలిచింది, దాని మీద కట్టిన ఊహ మాత్రమే పోయింది. పొరపాటు పడే అవకాశం ఉండటం వేరు, అన్ని మాటలకూ ఒకే విలువ ఉండటం వేరు. జ్ఞానం అంటే తప్పే జరగని స్థితి అని నేను అనడం లేదు. అలాంటిది మనిషికి బహుశా దొరకదు. తప్పు జరిగితే పట్టుబడే స్థితి అంటున్నాను. కరోనియం తప్పని తేల్చగలిగిన పద్ధతే హీలియం నిజమని చెబుతోంది. మొదటి తీర్పును ఒప్పుకుని రెండో తీర్పును అనుమానించడం న్యాయం కాదు.

రెండో ఆక్షేపణ వేదవాక్యాలను విచారించిన మన మీమాంసకుల నుంచి వస్తుంది, ఇది చాలా లోతైనది. ఒక తెలివి, అంటే మనసుకు కలిగిన ఎరుక, సరైనదా కాదా అన్నది దాని నుంచే తెలుస్తుందా, బయటి నుంచి తెలుస్తుందా అని తర్కాన్ని ఆశ్రయించిన నైయాయికులకూ మీమాంసకులకూ కొన్ని వందల ఏళ్లు వాదం నడిచింది. నీళ్లు కనిపించాయన్న తెలివి నిజమో కాదో దగ్గరికి వెళ్లి తాగితే తేలుతుంది, కాబట్టి ప్రామాణ్యం, అంటే తెలివి సరైనదన్న హామీ, బయటి నుంచే వస్తుందన్నారు నైయాయికులు. అలాగైతే తాగానన్న తెలివిని ఏది పరీక్షిస్తుంది, దాన్ని మరేది పరీక్షిస్తుంది, దీనికి అంతెక్కడ అని మీమాంసకులు అడిగారు. మీమాంసకుడైన కుమారిల భట్టు అభిప్రాయం ప్రకారం ప్రతి తెలివీ మొదట సరైనదే. దానికి బాధకం, అంటే దాన్ని కాదనే మరో ఎరుక, కనిపిస్తేనో, అది పుట్టిన కారణంలో దోషం కనిపిస్తేనో అప్పుడు వదులుకోవాలి. ఈ వాదంలో గట్టి నిజం ఉంది. అన్నింటినీ అనుమానిస్తూ కూర్చుంటే ఒక్క అడుగు వేయలేం. ముందు ఏదో ఒకటి ఒప్పుకునే బయలుదేరాలి. కానీ బయలుదేరడానికి ఇచ్చిన అనుమతి, చేరుకున్నామన్న ధ్రువపత్రం కాదు. లాకియర్ హీలియం ఉందని అనుకుని పని సాగించడం సబబే. అలా అనుకోకపోతే వెతికేవాళ్లే ఉండరు. ఆ అనుకోలును జ్ఞానమని ప్రకటించి వెతకడం మానేస్తే అక్కడ తప్పు. పైగా కుమారిలుడి సూత్రంలోనే ఒక బాధ్యత దాగి ఉంది. బాధకం కనిపించలేదు అనాలంటే దాని కోసం వెతికి ఉండాలి. కళ్లు మూసుకున్నవాడికి ఏ బాధకమూ కనిపించదు.

మూడో ఆక్షేపణ మనందరి జీవితానికీ సంబంధించినది. ఈ ప్రసంగం వింటున్నవారిలో ఎంతమంది ఆ పసుపు గీతను స్వయంగా చూశారు? పుస్తకంలో చదివాం, పంతులుగారు చెప్పారు, రేడియోలో విన్నాం. అలాంటప్పుడు మనకు హీలియం గురించి ఉన్నది కూడా నమ్మకమే కదా? ఇతరుల మాట మీద ఆధారపడటం జ్ఞానానికి అడ్డు కాదని నైయాయికుల న్యాయదర్శనం మొదటి నుంచీ చెబుతోంది. శబ్దాన్ని, అంటే ఇతరులు చెప్పిన మాటను, అది ప్రత్యేక ప్రమాణంగా, అంటే తెలుసుకునే సాధనంగా ఒప్పుకుంది. అయితే ఎవరి మాటైనా చాలదు, ఆప్తుడి మాట కావాలి. న్యాయభాష్యం రాసిన వాత్స్యాయనుడు ఆప్తుడికి పెట్టిన లక్షణం ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. విషయాన్ని స్వయంగా తెలుసుకుని, తెలిసినది తెలిసినట్టు చెప్పాలనుకునేవాడు ఆప్తుడు. ఈ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా సమానమని ఆయన స్పష్టంగా రాశారు. అంటే పుట్టుక కాదు, పదవి కాదు, గొంతు బలం కాదు. తెలుసుకునే సాధనం, చెప్పడంలో నిజాయితీ. హీలియం గురించి మనం విన్న మాట వెనుక ఉన్న గొలుసు రామ్సే గొట్టం దగ్గర ఆగుతుంది. కావాలంటే ఇవాళ కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో హీలియం గొట్టం వెలిగించి గీత చూడవచ్చు. గొలుసు కొస దొరుకుతుంది, తలుపు తెరిచి ఉంది. అందుకే అది అరువు తెచ్చుకున్న జ్ఞానమైనా జ్ఞానమే. ఫోనులో చేతులు మారుతూ వచ్చే సందేశానికి మొదలు ఎక్కడో తెలియదు, అడిగితే చెప్పేవాళ్లు ఉండరు. అది వెయ్యిమంది నుంచి వచ్చినా దాని వెనుక ఆప్తుడు ఒక్కడూ లేకపోవచ్చు.

ఈ కొలబద్దను మనకు ఇష్టమైన మాటలకు కూడా వాడాలి. హీలియాన్ని గుంటూరులోనే కనుగొన్నారని మనం గర్వంగా చెప్పుకుంటాం. కానీ జరిగిన క్రమం చూస్తే జాన్సెన్ గుంటూరులో కొత్త మూలకాన్ని ప్రకటించలేదు. ఆ జ్వాలలు ప్రధానంగా హైడ్రోజన్ వాయువని ఆయన గ్రహించారు. గీతలు అంత ప్రకాశంగా ఉన్నాయంటే గ్రహణం లేకుండానే చూడవచ్చని ఆ క్షణంలోనే ఆయనకు తట్టింది. మర్నాడు, ఆగస్టు 19న, గుంటూరులోనే చూసి నిరూపించారు. అప్పటిదాకా గ్రహణం వచ్చినప్పుడు కొద్ది నిమిషాలు మాత్రమే అందే విషయం ఇకపై ఎండ కాసే ప్రతిరోజూ అందుబాటులోకి వచ్చింది. జాన్సెన్‌నూ, విడిగా అదే పద్ధతిని సాధించిన లాకియర్‌నూ గౌరవిస్తూ ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలతో పతకం వేయించింది. ఉన్నది ఉన్నట్టు చెప్పినా గుంటూరుకు దక్కే గౌరవం చిన్నది కాదు. నిజానికి నా వాదనకు ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు: కొద్ది నిమిషాల దృశ్యాన్ని ఎవరైనా ఎప్పుడైనా మళ్లీ పరీక్షించగలిగేలా చేయడమే నమ్మకం నుంచి జ్ఞానం వైపు వేసే పెద్ద అడుగు.

నాలుగో ఆక్షేపణ హృదయం నుంచి వచ్చేది. దేవుడి మీద భక్తి, స్నేహితుడి మీద భరోసా, మంచితనం చివరికి గెలుస్తుందన్న ఆశ, ఇవన్నీ రుజువులు అడిగితే నిలుస్తాయా, ఇవి లేకుండా మనిషి బతుకుతాడా అని అడుగుతారు. 1877లో విలియం క్లిఫర్డ్ అనే గణితవేత్త, చాలని ఆధారం మీద దేన్ని నమ్మినా తప్పేనని వాదించారు. పాత ఓడ ప్రయాణానికి పనికిరాదేమోనన్న అనుమానాన్ని నొక్కిపెట్టుకుని, జనాన్ని ఎక్కించి పంపిన యజమాని ఉదాహరణ చెప్పారు. ఓడ క్షేమంగా తిరిగివచ్చినా ఆ యజమాని దోషే అన్నారు. 1896లో తత్త్వవేత్త విలియం జేమ్స్ ఆయనకు బదులిచ్చారు. బుద్ధితో తేల్చలేని ప్రశ్నలు కొన్ని ఉంటాయి, తేలేదాకా ఆగే వీలు కూడా ఉండదు, అక్కడ మనసు మొగ్గు చూపే హక్కు మనిషికి ఉందన్నారు. ఈ ఇద్దరిలో ఒకరిని పూర్తిగా వదులుకోవలసిన పని లేదని నా అభిప్రాయం. ఒక మనిషి మీదో, ఒక విలువ మీదో మనం ఉంచే భరోసా లోకం ఎలా ఉందో చెప్పే వార్త కాదు, మనం ఎలా బతకదలచుకున్నామో చెప్పే నిశ్చయం. దానికి వర్ణపటదర్శిని పెట్టడం అన్యాయం. కానీ ఆ భరోసా ఎప్పుడైతే లోకంలో ఫలానా పని చేస్తే ఫలానా ఫలితం వస్తుందని చెబుతుందో, అప్పుడు అది క్లిఫర్డ్ ఓడ ఎక్కింది. అక్కడ ఇతరుల ప్రాణాలు, ఇతరుల సుఖదుఃఖాలు ఉన్నాయి కాబట్టి పరీక్షకు నిలబడాలి.

గ్రహణమే దీనికి సరైన ఉదాహరణ. 499లో ఆర్యభటుడు చంద్రుడు సూర్యుణ్ణి, భూమి నీడ చంద్రుణ్ణి కప్పడమే గ్రహణమని చెప్పారు. 628లో బ్రహ్మగుప్తుడు నీడల లెక్కతోనే గ్రహణాలను గణించారు, అయినా రాహువును కాదన్నందుకు ఆర్యభటుణ్ణి తప్పుపట్టారు. ఒకే తలలో లెక్క తెలిసిన జ్ఞానం, సమాజంతో పంచుకున్న నమ్మకం పక్కపక్కనే ఉండగలవని ఇది చూపుతుంది. గ్రహణవేళ స్నానం, జపం, ఉపవాసం చేయడం ఎవరి ఇష్టం వారిది. అవి ఎవరికీ హాని చేయవు. కానీ గర్భిణి గ్రహణం చూస్తే, ఆ వేళ కత్తి పట్టి కూర తరిగితే, బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందన్న మాట అలాంటిది కాదు. ఇది లోకం గురించి చెప్పిన మాట, పరీక్షించదగిన మాట. బిడ్డ పెదవి గర్భం దాల్చిన నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య రూపుకడుతుంది. అంటే ఏడో నెలలో వచ్చిన గ్రహణం రెండో నెలలోనే రూపుకట్టిన పెదవిని చీల్చలేదు. మొర్రి ప్రపంచమంతటా సుమారు 700 కాన్పుల్లో ఒకరికి వస్తుందని అంచనా. గ్రహణం కనిపించని ఏళ్లలోనూ, గ్రహణాల ఊసే ఎత్తని దేశాల్లోనూ వస్తుంది. వంశపారంపర్యం, పొగతాగడం, కొన్ని మందులు, తల్లికి ముందునుంచే ఉన్న మధుమేహం లాంటివి దానికి దోహదం చేస్తాయని వైద్యం చెబుతోంది.

ఇంతమంది, ఇన్ని తరాలు నమ్మినదాంట్లో ఏదో నిజం ఉండదా అని అడుగుతారు. మనతో ఏ సంబంధమూ లేని మెక్సికో దేశంలోనూ గ్రహణం వల్ల బిడ్డ పెదవి చీలుతుందన్న నమ్మకం పాతకాలం నుంచీ ఉంది. చంద్రబింబం కొరికినట్టు కనిపిస్తుంది, బిడ్డ పెదవీ కొరికినట్టు కనిపిస్తుంది. ఆ పోలిక రెండు ఖండాల్లో రెండు జాతులకూ విడివిడిగా తట్టింది. ఎంతమందికి తట్టినా పోలిక పోలికే, కారణం కాదు. ఆ నమ్మకం నిలిచి ఉండటానికి మరో కారణం కూడా ఉంది. మొర్రితో బిడ్డ పుట్టినప్పుడు ఇంట్లోవాళ్లు వెనక్కి వెళ్లి గ్రహణాన్ని వెతుకుతారు. గ్రహణం చూసిన తల్లికి చక్కని బిడ్డ పుట్టినప్పుడు ఎవరూ లెక్కపెట్టుకోరు. తప్పయితే బయటపడే దారిని అలా మూసేస్తే ఏ నమ్మకమైనా ఎన్ని వందల ఏళ్లయినా బతుకుతుంది. దాని ధర చెల్లించేది తల్లి. తన వల్లే బిడ్డకు ఇలా అయిందని ఆమె కుమిలిపోతుంది, ఇంట్లో మాటలు పడుతుంది. ఈ నింద వట్టి అబద్ధం, ఈ బాధ అనవసరం. శస్త్రచికిత్సతో ఆ పెదవి సరిచేయవచ్చన్నది నమ్మకం కాదు, రోజూ ఆసుపత్రుల్లో రుజువవుతున్న జ్ఞానం. ఆ ఇంటికి అవసరమైనది ఇది.

అందుకే నమ్మకానికీ జ్ఞానానికీ తేడా పండితుల పుస్తకాలకు పరిమితమైన విషయం కాదు. నమ్మకాలు లేకుండా బతకమని ఎవరినీ కోరలేం. పరిశోధన కూడా నమ్మకంతోనే మొదలవుతుంది. కోరగలిగింది ఒక నిజాయితీ. నమ్ముతున్నప్పుడు నమ్ముతున్నానని, తెలిసినప్పుడు తెలుసునని చెప్పాలి. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు, కోడలికి జాగ్రత్తలు చెప్పేటప్పుడు, రోగికి మందు చెప్పేటప్పుడు, ఓటు అడిగేటప్పుడు ఈ రెండు మాటలనూ కలిపేయకూడదు. వాటిని విడదీయడానికి మన చేతిలో ఒక ప్రశ్న ఉంది, చదువుతోనూ పరికరాలతోనూ నిమిత్తం లేనిది: నేను అనుకుంటున్నది తప్పయితే, ఆ సంగతి నాకు ఎలా తెలిసేది? ఈ ప్రశ్నకు స్పష్టమైన జవాబు ఉండి, ఆ దారిలో వెతికి చూసి, తప్పు కనిపించకపోతే, ధైర్యంగా తెలుసు అనవచ్చు. జవాబు లేకపోతే ఆ మాటను ఇంకొకరి నెత్తిన రుద్దే హక్కు మనకు లేదు. ఎంత ప్రియమైన నమ్మకమైనా మన దగ్గర ఉంచుకోవచ్చు, దాని ఖర్చు మాత్రం మనమే భరించాలి.